ఆప్టోమెట్రీ చేశాక కంటి డాక్టరు కావచ్చా? 26 ఏళ్ళకి మళ్ళీ ఫస్టియర్‌లో చేరిన నా అనుభవం

ప్రశ్న: "నాకు 24 ఏళ్ళు. బీ.ఆప్టమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) అయింది, రెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఆఫ్తాల్మాలజిస్టు (కంటి డాక్టరు) కావాలని ఉంది. మనవాళ్ళకి లాటరల్ ఎంట్రీ లాంటిది ఏమైనా ఉందా? ఇంత అనుభవం వృథా పోతుందా? కొనుక్కున్న పరికరాలు అమ్మేసి కోచింగ్‌కి కట్టాలా?"

లాటరల్ ఎంట్రీ లేదు. ముందు ఇది చెప్పేస్తే మిగతాది నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. పాలిటెక్నిక్ చేసినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా, అలా ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి అద్దాల పవర్ తేల్చే చదువు, చదివినవాళ్ళు ఎంబీబీఎస్ మధ్యలో దిగే దారి మన దేశంలో లేదు. ఎం.ఆప్టమ్ చేసినా, పీహెచ్‌డీ చేసినా అంతే. నీట్ రాయాలి, సీటు తెచ్చుకోవాలి, 18 ఏళ్ళ పిల్లల పక్కన కూర్చుని అనాటమీ మొదటి పాఠం వినాలి.

నేను ఆ పని చేశాను. 2009లో ఇంటర్ బైపీసీ, 2013లో బీ.ఆప్టమ్, తర్వాత అయిదేళ్ళ ఉద్యోగం. 2018లో ఎంబీబీఎస్‌లో చేరేనాటికి నాకు 26. ఇప్పుడు ఎంఎస్ ఆఫ్తాల్మాలజీ చేస్తున్నాను. మీ లెక్క కూడా వేసి చూద్దాం. నీట్‌కి తక్కువలో తక్కువ ఒక ఏడాది, ఎంబీబీఎస్ నాలుగున్నర, ఇంటర్న్‌షిప్ ఒకటి, పీజీ సీటు కోసం ఒకటి, ఎంఎస్ మూడు. అన్నీ అనుకున్నట్టు జరిగితే మీరు బయటికొచ్చేసరికి 35. ఈ అంకె చూసి కడుపులో తిప్పినట్టుంటే తప్పేం లేదు, నాకూ తిప్పింది.

అర్హతల సంగతి. వయసు గురించి భయపడకండి. నేను రాసే రోజుల్లో జనరల్ వాళ్ళకి 25 ఏళ్ళ పరిమితి ఉండేది, దాని మీద కోర్టుల చుట్టూ తిరిగారు. నేను బీసీ కాబట్టి 30 దాకా సడలింపు దొరికింది, లేకపోతే ఈ జవాబు రాసే అవకాశమే ఉండేది కాదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) ఆ పరిమితి తీసేసింది. ఇప్పుడు పై వయసు అడ్డం లేదు, ఎన్నిసార్లు రాసినా అడిగేవాళ్ళు లేరు. అసలు చిక్కు వేరే చోట ఉంటుంది. ఆప్టోమెట్రీలోకి ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. మీరూ అలాంటివారైతే బయాలజీ లేకుండా నీట్‌కి అర్హత రాదు. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా చెల్లుతుందని 2023 నవంబర్‌లో ఎన్‌ఎంసీ చెప్పింది. అంటే దానికో పరీక్ష, ఇంకో ఏడాది. ఇక లోకల్ కోటా. మీరు ఆప్టోమెట్రీ చెన్నైలో చదివారా, బెంగళూరులో చదివారా అన్నది దానికి సంబంధం లేదు, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నదే చూస్తారు. ఈ నిబంధనల మీద మన రెండు రాష్ట్రాల్లో కేసులు, జీవోలు చాలా నడిచాయి కాబట్టి ఎవరో చెప్పారని కాకుండా ఆ ఏడాది కాళోజీ యూనివర్సిటీదో, ఎన్టీఆర్ యూనివర్సిటీదో నోటిఫికేషన్ తెరిచి మీరే చదవండి.

ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మీరు అడగలేదు. ఎందుకు మారాలనుకుంటున్నారు?

నా కారణం చెప్తాను. 2015లో నేను పని చేసే ఆసుపత్రికి నల్లగొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. 50 పైనే ఉంటాయి. దగ్గరవి కనపడట్లేదు, అప్పుడప్పుడు సాయంత్రం పూట తలనొప్పి, దీపం చుట్టూ రంగుల చుట్టలు కనపడతాయి అన్నాడు. స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దదిగా చూపించే మైక్రోస్కోపు) చూస్తే యాంగిల్, అంటే కంట్లో ద్రవం బయటికి పోయే మూల, బాగా ఇరుగ్గా ఉంది. వ్యాన్ హెరిక్ గ్రేడ్ 1 (మూసుకుపోయేంత ఇరుకు) అని ఫైల్లో రాశాను. ఆ రోజు ఓపీ కిటకిటలాడుతోంది. లోపల డాక్టరు గారి దగ్గర ఆ ఫైలు అర నిమిషం కూడా ఆగలేదు. ఆయనకి రీడింగ్ అద్దాలు రాసి పంపేశారు. నాలుగు నెలల తర్వాత అదే మనిషి కన్ను ఎర్రగా రాయిలా గట్టిపడి, వాంతులు చేసుకుంటూ వచ్చాడు. కంటి ప్రెషరు దింపారు, కానీ ఆ కంట్లో చూపు చాలావరకు పోయింది. ముందే లేజర్‌తో ఐరిడాటమీ (ద్రవం పోవడానికి ఐరిస్‌లో చిన్న రంధ్రం) చేసుంటే ఆ పరిస్థితి వచ్చేది కాదేమో. పది నిమిషాల పని.

చాలా రోజులు డాక్టరు గారి మీదే కోపం పెట్టుకున్నాను. తర్వాత తెలిసొచ్చింది, నేనూ రాశాను తప్ప నోరు తెరిచి చెప్పలేదు. లోపలికెళ్ళి "సార్, ఈ యాంగిల్ ఒకసారి చూడండి" అనడానికి ఎందుకో మొహమాటపడ్డాను. "నా పని రాయడం వరకే" అని నాకు నేనే గీత గీసుకున్నాను. ఆ గీత అవతల ఏముందో తెలుసుకోవాలన్నదే నా అసలు కారణం.

నిజం చెప్పాలంటే ఇంకోటి కూడా ఉంది. పేషెంట్లు నన్ను "అద్దాల మేడమ్" అనేవాళ్ళు. గంటసేపు కూర్చుని పవర్ తేలిస్తే, బయటికెళ్తూ "ఇంతకీ డాక్టరమ్మ ఎప్పుడొస్తది?" అని నన్నే అడిగేవాళ్ళు. అది గుచ్చుకునేది. మీకూ గుచ్చుకుంటుందనుకుంటా. కానీ ఆ ఒక్క కారణంతో దూకితే ఫస్టియర్‌లోనే ఊపిరాడదు. ఎంబీబీఎస్‌లో మొదటి మూడు నాలుగేళ్ళు మిమ్మల్ని డాక్టరని పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. పైగా 20 ఏళ్ళ సీనియర్‌ని మీరు "సర్" అనాలి. నన్ను మా బ్యాచ్ మొత్తం "అక్కా" అనేది, సీనియర్లకి మాత్రం నేను జూనియర్నే. ఒకతను నన్ను నిలబెట్టి పేరు, ఊరు, ర్యాంకు అడిగి, పుట్టిన సంవత్సరం విని, "సారీ అక్కా, కూర్చో" అన్నాడు.

నీట్ చదువు గురించి. ఆప్టోమెట్రీ చేసినవాళ్ళకి ఫిజిక్స్ తేలికని ఎవరైనా అంటే నమ్మకండి. రే ఆప్టిక్స్‌లో రెండు మూడు ప్రశ్నలు కళ్ళు మూసుకుని చేశాను, రొటేషనల్ మోషన్ దగ్గర బిక్కమొహం వేశాను. మేము ఇంటర్‌లో తెలుగు అకాడమీ పుస్తకాలు చదివాం, నీట్ అంతా ఎన్‌సీఈఆర్‌టీ వాక్యం వాక్యం మీద నడుస్తుంది. 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే కాబట్టి నా బండి దాని మీదే లాగాను. 2017లో మొదటిసారి రాసి ఫెయిలయ్యానని చెప్పను గానీ, సీటుకి దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఉద్యోగం చేస్తూ, సిటీ బస్సులో చదువుతూ రాస్తే అంతే వస్తుంది. రెండోసారికి ఆసుపత్రిలో మాట్లాడుకుని సగం పూట డ్యూటీ పెట్టుకున్నాను, జీతం సగమైంది, లాంగ్ టర్మ్ బ్యాచ్‌లో చేరాను. 2018లో కన్వీనర్ కోటాలో ప్రభుత్వ కాలేజీ సీటు వచ్చింది. నా మార్కులు చెప్పను, అప్పటి కటాఫ్‌లు ఇప్పుడు ఎందుకూ పనికిరావు.

డబ్బు దగ్గర నా సలహా మొహమాటం లేకుండా చెప్తాను. కన్వీనర్ కోటా సీటు రాకపోతే, ఇంట్లో ఆస్తి ఉంటే తప్ప బీ కేటగిరీ (ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ ఫీజు సీట్లు) జోలికి వెళ్ళొద్దు. ఏడాదికి పది లక్షలు దాటే ఫీజు కట్టి ఎంబీబీఎస్ చేసి, పీజీకి మళ్ళీ అంతకన్నా పెద్ద మొత్తం కట్టాల్సొస్తే కాటరాక్ట్ ఆపరేషన్లు చేసి ఆ అప్పు తీర్చడానికి రెండు జన్మలు కావాలి. నేను ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి 10 వేలు కట్టాను, హాస్టలు మెస్సు వేరే. దాచుకున్న రెండున్నర లక్షలు, మొదటి రెండేళ్ళు ఆదివారాలు ఒక కళ్ళద్దాల షాపులో రిఫ్రాక్షన్లు (అద్దాల పవర్ పరీక్షలు) చేసిన డబ్బులతో గడిచింది. అలా మానేసిన ఉద్యోగంలో నా జీతం 24 వేలు. నా ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ కూడా అప్పట్లో దాదాపు పాతిక వేలే. ఆరేళ్ళు చదివి అదే చోటికి వచ్చానని నాన్నతో అంటే ఆయన నవ్వలేదు. విదేశాల్లో ఎంబీబీఎస్ ఆలోచన ఉన్నా నీట్ క్వాలిఫై కావాల్సిందే, తిరిగొచ్చాక ఇక్కడ మళ్ళీ పరీక్ష పాసవ్వాల్సిందే. దాన్ని దగ్గర దారి అనుకోకండి.

ఇంట్లో వాళ్ళ గురించి ఒక్కమాట. మీరు అబ్బాయో అమ్మాయో రాయలేదు. అమ్మాయైతే "ఇంకా ఎన్నేళ్ళు?" అన్న ప్రశ్న చుట్టాలందరి నోటా వస్తుంది. మా అమ్మ సంబంధాల వాళ్ళకి "అమ్మాయి డాక్టరు చదువుతోంది" అని గర్వంగా చెప్పేది. ఏ సంవత్సరం అని అడిగితే వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇక అనుభవం వృథా పోతుందా అన్న ప్రశ్న. ఎంబీబీఎస్‌లో దాదాపుగా పోతుంది. ఫస్టియర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. కంటి గురించి నాకు తెలిసిందంతా ఫిజియాలజీలో ఒక్క చాప్టర్‌కి సరిపోయింది. బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్ళే నరాల అల్లిక) ముందు నేనూ, నిన్నమొన్న ఇంటర్ పాసైన పిల్లా ఒకటే. ఆ పిల్లకి జ్ఞాపకశక్తి నాకన్నా ఎక్కువ కూడా. థర్డ్ ఇయర్‌లో ఆఫ్తల్ (కంటి వైద్యం) సబ్జెక్టు వచ్చినప్పుడు ఒక నెల రోజులు రాణిలా తిరిగాను. క్లాసులో అందరూ రెటినోస్కోపీ (కంట్లోకి వెలుగు వేసి పవర్ తేల్చే పరీక్ష) నా దగ్గర నేర్చుకున్నారు. తర్వాత సర్జరీ, గైనిక్ మొదలయ్యాయి, రాజ్యం పోయింది. మా ఇంటర్న్‌షిప్ ఏడాదిలో కంటి విభాగానికి దక్కినవి 15 రోజులు. ప్రసూతి వార్డులో రాత్రి రెండింటికి నిలబడి ఉన్నప్పుడు "నేను వచ్చింది కళ్ళ కోసం కదా" అని చాలాసార్లు అనిపించింది.

అయినా ఆ మిగతా శరీరమే నాకు పెద్ద లాభం అయింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు గ్లకోమా (కంటి ప్రెషరు జబ్బు) పేషెంట్ని "ఆయాసం ఉందా, ఉబ్బసం ఉందా" అని అడగమన్నారు, అడిగేదాన్ని, ఫారంలో టిక్కు పెట్టేదాన్ని. ఫార్మకాలజీలో బీటా బ్లాకర్ల చాప్టర్ చదువుతుంటే, గ్లకోమాకి వేసే టిమోలాల్ చుక్క ముక్కు దారిలోంచి రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో అర్థమైంది. అయిదేళ్ళు నేను అడిగిన ప్రశ్నకి అర్థం ఆ రోజు తెలిసింది. అలాగే 6/6 చూపు. అద్దాలు పెట్టగానే పేషెంటు కింది లైను చదివేస్తే మన పని అయిపోయినట్టు ఒక హాయి ఉంటుంది చూడండి, ఆ అలవాటు వదిలించుకోవడానికి నాకు చాలా టైమ్ పట్టింది. 30 ఏళ్ళావిడ, చూపు 6/6, తలనొప్పి, లేచి నిలబడితే ఒక్క క్షణం చీకట్లు. రెండు కళ్ళ డిస్కులూ (కంటి నరం మొదలు) వాచి ఉన్నాయి. మునుపైతే "రెఫర్" అని రాసి ఫైలు పంపేదాన్ని. ఇప్పుడు ఆ ఫైలు వచ్చేది నా దగ్గరికే. బీపీ చూడాలి, స్కాన్ రాయాలి, న్యూరాలజీ వాళ్ళకి ఫోన్ చేసి ఈ రాత్రే చూడమని ఒప్పించాలి.

మీరు ఈ దారిలోకి రాకముందే తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇది. ఎంబీబీఎస్‌లో చేరితే కంటి డాక్టరు అవుతారని హామీ లేదు. నీట్ పీజీ అని ఇంకో గోడ ఉంది. 200 ప్రశ్నలు, 19 సబ్జెక్టులు, అందులో ఆఫ్తల్ ఒక చిన్న ముక్క. అక్కడ మీ ఆప్టమ్ అనుభవం మహా అయితే కొద్ది మార్కులు తెస్తుంది. రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ సీట్లు ముందు అయిపోతాయి, ఆఫ్తల్ వాటితో పోలిస్తే కాస్త కింది ర్యాంకుల దాకా దొరుకుతుంది, అది మనకి కొంచెం కలిసొచ్చే సంగతి. ఎంఎస్ కాకపోతే డీఎన్‌బీ (ఎంఎస్‌కి సమానమైన పీజీ) ఉంది, రెండేళ్ళ డిప్లొమా ఉంది. అయినా దొరకకపోవచ్చు. నాతో పాటు చేరిన ఇంకో ఆప్టమ్ అబ్బాయి పీడియాట్రిక్స్‌లో చేరాడు, సంతోషంగానే ఉన్నాడు. కళ్ళు తప్ప ఇంకేదీ వద్దనుకుంటే మాత్రం ఈ జూదం ఆడకండి.

మా పీజీ పరీక్ష 2024 జూన్ 23న ఉండాలి. ముందు రోజు రాత్రి, సెంటర్ ఉన్న ఊరికి చేరుకుని లాడ్జిలో బట్టలు సర్దుకుంటుంటే వాయిదా అని వార్త వచ్చింది. మళ్ళీ ఆగస్టు 11న పెట్టారు. ఆ ఏడు వారాలు నాకు ఎంత కలిసొచ్చాయో, ఎంత టెన్షన్ పెట్టాయో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఎంఎస్‌లో చేరాక మాత్రం పాత అనుభవం వడ్డీతో సహా తిరిగొచ్చింది. చేరిన మొదటి వారం, చుక్కలు వేసిన అయిదేళ్ళ పిల్లాడు ఏడుస్తూ తల ఊపేస్తుంటే రెండు నిమిషాల్లో రెటినోస్కోపీ చేసి ఇచ్చాను. మెల్లకన్ను కొలిచే ప్రిజం బార్ పట్టుకోవడం, బయోమెట్రీలో కళ్ళ పొడవు తేడాగా వస్తే అనుమానించి మళ్ళీ తీయడం, ఫీల్డ్ రిపోర్టులో (చూపు ఎంత మేర పరుచుకుందో చూసే పరీక్ష) పేషెంటు నిద్రపోయాడా నిజంగా లోపమా అని పోల్చుకోవడం, ఇవన్నీ తోటి రెసిడెంట్లకి నెలలు పట్టే పనులు. దీనికి శిక్ష కూడా ఉంది. కష్టమైన రిఫ్రాక్షన్లన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి.

చేతులు మాత్రం కొత్తవే. మటన్ షాపు నుంచి మేక కళ్ళు తెచ్చి వెట్ ల్యాబ్‌లో కోయడం మొదలుపెట్టాను. రెక్సిస్ (లెన్సు పై పొరని గుండ్రంగా తీయడం) చేయబోతే చీలిక అంచుదాకా పరుగెత్తేది. పక్కన 26 ఏళ్ళ కుర్రాడు నాలుగో కంటికే గుండ్రంగా తీశాడు, నాకు పదిహేను దాటాయి. మొదటి ఎస్ఐసీఎస్‌లో (చిన్న కోతతో చేసే కాటరాక్ట్ ఆపరేషన్) లోపలికి దారి, అంటే టన్నెల్, చేస్తుంటే పైపొర చిరిగి బటన్‌హోల్ పడింది, మా మేడమ్ మాట్లాడకుండా నా చేతిలోంచి క్రెసెంట్ బ్లేడు తీసుకుని కేసు పూర్తి చేశారు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఇప్పుడు పర్వాలేదు, మేడమ్ పక్కన కూర్చుంటారు కానీ చెయ్యి చాచరు.

సర్జరీ మీద, మందుల మీద, రాత్రి ఎమర్జెన్సీల మీద మీకు మరీ అంత ఆశ లేకపోతే, చూపు పరీక్షే మీకు ఇష్టమైన పనైతే, ఆప్టోమెట్రీలోనే ఎక్కడానికి మెట్లున్నాయి. ఎం.ఆప్టమ్ రెండేళ్ళు. స్క్లీరల్ లెన్సులు, లో విజన్, బైనాక్యులర్ విజన్, పిల్లల మయోపియా, వీటిలో గట్టిపడినవాళ్ళ దగ్గరికి ఆఫ్తాల్మాలజిస్టులే పేషెంట్లని పంపుతారు, నేనూ పంపుతున్నాను. 2021 చట్టంతో ఆప్టోమెట్రీకి కూడా జాతీయ కమిషన్ వచ్చింది. బయటి దేశాల్లో మన పరిధి ఇంకా పెద్దది, బ్రిటన్‌లో అదనపు శిక్షణ తీసుకున్న ఆప్టోమెట్రిస్టులు మందులు కూడా రాస్తారు. నేను ఎంబీబీఎస్‌లో చేరిన ఆగస్టులోనే తెలంగాణలో కంటి వెలుగు మొదలైంది. నా స్నేహితులు ఊరూరా తిరిగి నెలకి వేలమందిని చూశారు. నేను డిసెక్షన్ హాల్లో ఫార్మాలిన్ వాసనకి కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళ ఫోటోలు చూసేదాన్ని. ఆ ఏడాది కంటి వైద్యం నాకన్నా వాళ్ళే ఎక్కువ చేశారు.

మీరు ఇప్పుడే రాజీనామా ఇవ్వకండి. రెండు నెలలు పొద్దున్నే లేచి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ చదివి, పాత నీట్ పేపరు ఒకటి మూడు గంటలు కూర్చుని రాసి చూడండి. మీ ఆసుపత్రిలో ఎవరైనా డాక్టరు గారిని అడిగి రెండు రోజులు ఓటీలో మూల నిలబడండి. దాన్ని బట్టి మీకే తెలుస్తుంది.

పరికరాల మాట. ట్రయల్ సెట్ (పవర్ తేల్చడానికి వాడే లెన్సుల పెట్టె) అమ్మేయండి, హాస్టల్ గదిలో దానికి చోటుండదు. రెటినోస్కోప్ మాత్రం అమ్మొద్దు. 2013లో మొదటి మూడు నెలల జీతంలోంచి కొనుక్కున్న స్ట్రీక్ రెటినోస్కోప్ ఇప్పటికీ నా ఏప్రన్ జేబులోనే ఉంది. బల్బు రెండుసార్లు మార్చాను, అంతే.